చలిజ్వరం దోమ ఎక్కడ పుడుతుంది? నెల్లూరు, ప్రకాశం వాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

నాట్లు మొదలయ్యేటప్పుడూ, తుపాను వెలిశాకా, ఊళ్లో ఎవరికైనా చలిజ్వరం తగిలినప్పుడూ ఇవే సందేహాలు ఏటా తిరిగొస్తుంటాయి. ఉదయగిరి నుంచి అడిగినా ఉలవపాడు నుంచి అడిగినా మొదటి ప్రశ్న ఒకటే: మా ఊళ్లో మలేరియా దోమ ఉందా, ఉంటే ఏ నీళ్లలో ఉంది? ఊరిని బట్టి, ఆ వారం అక్కడ నిలిచిన నీళ్లను బట్టి జవాబు మారిపోతుంది. అందుకే అన్నీ ఒకచోట చేర్చాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. ఏ జవాబుకా జవాబు పూర్తిగానే ఉంటుంది.

## ముందు దోమను గుర్తుపట్టడం

మా వీధి సైడుకాలువ నిండా మురుగే. మలేరియా రాకుండా ఉంటుందా?

మురుగునీళ్లలో పుట్టేది ఎక్కువగా క్యూలెక్స్ దోమ. రాత్రంతా చెవి దగ్గర గుయ్యిమనేదీ, బోదకాలు మోసేదీ అదే. మలేరియాను మోసేది అనాఫిలిస్. మన ప్రాంతంలో దానికి కావలసింది తేటనీళ్లు, పెద్దగా కదలని నీళ్లు, చాలాసార్లు ఎండ పడే నీళ్లు. కాలువ పూడిక తీయించాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ అది తీయించేసి మలేరియా పని అయిపోయిందనుకోవడమే మన ఊళ్లకు ఎక్కువ నష్టం చేస్తోంది. మురుగు మీద అందరి కన్నూ పడుతుంది. ఊరి వెనక ఊటకాలువనూ, మిద్దె మీద మూతలేని ట్యాంకునూ ఎవరూ తొంగిచూడరు.

మలేరియా దోమను, డెంగీ దోమను చూసి తేడా చెప్పగలమా?

చెప్పొచ్చు. గోడ మీద వాలినప్పుడు అనాఫిలిస్ తల కిందికి, వెనకభాగం పైకి ఎత్తి ఏటవాలుగా ఉంటుంది. మిగతావి గోడకు సమాంతరంగా, కాస్త గూనిగా కూర్చుంటాయి. అనాఫిలిస్ రెక్కల మీద సాధారణంగా మచ్చలుంటాయి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని కనిపెట్టింది ఇలాంటి మచ్చల రెక్కల దోమ కడుపులోనే. డెంగీని మోసే ఏడిస్ నల్లగా, కాళ్ల మీద తెల్ల పట్టీలతో ఉండి పగలు కుడుతుంది.

నీళ్లలో ఉన్న దోమ పిల్లలను, అంటే లార్వాలను చూస్తే ఇంకా తేలిక. తెల్లటి గిన్నెతో నెమ్మదిగా నీళ్లు ముంచండి. తల కిందులుగా వేలాడుతుంటే అవి క్యూలెక్సో ఏడిసో. నీటి పైపొరకు అంటుకుని అడ్డంగా పడుకుని ఉంటే అనాఫిలిస్. పదో తరగతి పిల్లలకు ఒకసారి చూపిస్తే చాలు, ఆ తర్వాత ఊరంతా వాళ్లే వెతికిపెడతారు.

ప్రతి అనాఫిలిస్ దోమా మలేరియా తెస్తుందా?

తేదు. ప్రపంచంలో 400కు పైగా అనాఫిలిస్ జాతులున్నాయి. మన దేశంలో మలేరియా భారమంతా మోసేవి అరడజను పైచిలుకే. పల్లెల్లో ముఖ్యమైనది క్యులిసిఫేసిస్, పట్టణాల్లో స్టీఫెన్సీ, కొండవాగుల పక్కన ఫ్లూవియాటిలిస్. తీరం వెంబడి కనిపించే సబ్‌పిక్టస్ కొన్నిచోట్ల తోడవుతుంది. పైగా క్యులిసిఫేసిస్ అని మనం పిలిచేది నిజానికి ఒకేలా కనిపించే అయిదు జాతుల గుంపు. వాటిలో ‘బి’ అనేది ఎక్కువగా గొడ్లనే కుడుతుంది, మలేరియాను మోయడంలో బలహీనం.

కుట్టేది ఆడదోమ మాత్రమే. అదీ రోగి రక్తం తాగిన వెంటనే రోగాన్ని అంటించలేదు. క్రిమి దాని ఒంట్లో పెరిగి లాలాజలంలోకి చేరడానికి మన వేడికి దాదాపు 8 నుంచి 12 రోజులు పడుతుంది. అన్నాళ్లు బతికే దోమలు తక్కువ. ఆ తక్కువ దోమలతోనే మన పోరాటమంతా.

గుడ్డు నుంచి దోమ కావడానికి ఎన్ని రోజులు?

మన వేడికి వారం నుంచి రెండు వారాలు. ఒక ఆడదోమ ఒక విడతలో వంద పైచిలుకు గుడ్లను నీటి మీద విడివిడిగా వదులుతుంది. ఏడిస్ గుడ్లు ఎండిన తొట్టి గోడకు అంటుకుని నెలల తరబడి బతకగలవు. అనాఫిలిస్ గుడ్లు అలా తడి లేకుండా నిలవలేవు. కాబట్టి వారానికోసారి నీళ్లు పారబోసి తొట్టిని ఎండబెడితే ఆ విడత అక్కడితో ఆగిపోతుంది. శుక్రవారం డ్రై డే పెట్టడం వెనకున్న లెక్క ఇదే.

## ఊరి చుట్టూ నీళ్లు

నెల్లూరంటేనే వరి. ఇన్ని మడుల్లో నీళ్లుంటే మలేరియా ఇంతకంటే ఎక్కువ ఉండాలి కదా?

మంచి ప్రశ్న, వివరంగా చెప్పుకోవాలి. వరి మడి పంటకాలమంతా ఒకేలాంటి నీటిగుంట కాదు. దమ్ము చేసి నీళ్లు పెట్టినప్పుడూ, నారు నాటిన కొత్తలోనూ మడి అద్దంలా ఉంటుంది. నీళ్ల మీద ఎండ నేరుగా పడుతుంది. క్యులిసిఫేసిస్‌కు కావలసింది సరిగ్గా అదే. పైరు అడుగు ఎత్తు దాటి నీళ్లకు నీడ కమ్మాక ఈ దోమ అక్కడ గుడ్లు పెట్టడం బాగా తగ్గిపోతుంది. ఆ తర్వాత మడిలో కనిపించే అనాఫిలిస్‌లలో చాలావరకు మలేరియాతో పెద్దగా సంబంధం లేని జాతులే. పైగా చేపపిల్లలు, తూనీగ పిల్లలు, నీటిపురుగులు లార్వాలను తినేస్తుంటాయి. విచ్చలవిడిగా పురుగుమందు కొట్టిన మడిలో ముందు చచ్చేది ఈ మిత్రులే.

కాబట్టి జాగ్రత్త పడాల్సింది నాట్ల నుంచి మొదటి నెల. పెన్నా డెల్టాలో ఎడగారుకూ (రెండో పంటకూ) నీళ్లిచ్చిన ఏడు ఆ నెల రెండుసార్లు వస్తుంది. ఒక మడిలో పైరు ఎదుగుతుంటే పక్క మడిలో ఇంకా దమ్ము చేస్తుంటారు, దాంతో గడువు ఇంకా సాగుతుంది. నాట్లు ఒకేసారి పడితే మంచిది. నాటు నిలదొక్కుకున్నాక మడిని మధ్యమధ్యలో ఆరగట్టి మళ్లీ తడిపే పద్ధతి నీటినీ మిగులుస్తుంది, లార్వాలనూ చంపుతుంది. అయితే చుట్టుపక్కల రైతులంతా కలిసి చేస్తేనే దోమ మీద ఫలితం కనిపిస్తుంది.

ఇంత నీళ్లున్నా మలేరియా అంతగా లేకపోవడానికి మరో కారణం ఉంది. దోమ ఉన్నంత మాత్రాన జ్వరం రాదు, దోమకు అంటడానికి క్రిమి ఉన్న రోగి కూడా దగ్గర్లో ఉండాలి. రాష్ట్రంలో ఎక్కువ కేసులు అల్లూరి సీతారామరాజు, పార్వతీపురం మన్యం వైపు ఏజెన్సీలోనే వస్తున్నాయి. మన మడుల్లో దోమ ఉంది, క్రిమి అరుదు. ఆ అరుదును అలాగే నిలుపుకోవాలి.

కాలువలో నీళ్లు పారుతూనే ఉంటాయి. పారే నీళ్లలో దోమ ఎలా పుడుతుంది?

నడి కాలువలో పుట్టదు. గట్టు వెంట గడ్డి వంగి నీళ్లను ఆపినచోట, లైనింగు పగిలి ఊట బయటికొచ్చినచోట, తూము కింద మడుగు కట్టినచోట పుడుతుంది. నీళ్లు కట్టేసిన వారం ఇంకా ప్రమాదం, కాలువంతా గుంటలు గుంటలుగా మిగిలిపోతుంది. తమిళనాడులో 1934లో మెట్టూరు డ్యాం పూర్తయి కొత్త కాలువలు పారాక పట్టుకోట్టై ప్రాంతంలో మలేరియా చెలరేగింది. అక్కడా కారణం క్యులిసిఫేసిస్ దోమే. సోమశిల, కండలేరు, తెలుగుగంగ, సాగర్ కుడికాలువ కింద ఉన్నవాళ్లు ఊటనీళ్లను చిన్న బోదె తీసి మళ్లించి, గట్టు గడ్డి కోయిస్తే సగం పని అయినట్టే.

పెన్నాలో వరదొస్తే దోమ పిల్లలన్నీ కొట్టుకుపోవా?

కొట్టుకుపోతాయి. ఉధృతంగా పారిన రోజుల్లో లార్వాలు మిగలవు, అందుకే తుపాను వెలిసిన వెంటనే దోమ తగ్గినట్టనిపిస్తుంది. ఇబ్బంది వరద తీశాకే. ఏటి ఇసుకలో, ఇసుక తవ్విన గోతుల్లో, తెగిన చెరువుల కింద, కలుజు దిగువన తేటనీళ్లు నిలుస్తాయి. చేపలింకా చేరని కొత్త నీళ్లవి, అంటే దోమ పిల్లలను తినేవాళ్లు లేరు. 2021 నవంబరు వరదలాంటిది వచ్చినప్పుడు మొదటి వారం పునరావాసంతోనే సరిపోతుంది. రెండో వారం నుంచి నాలుగో వారం దాకా ఊరి చుట్టూ గుంటలు చూసుకోవాలి. జనం గోడలు కూలిన ఇళ్లలో, గుడారాల్లో పడుకునేదీ అప్పుడే. సహాయపు సామాన్లలో బియ్యంతో పాటు దోమతెర కూడా ఉండాలి.

గొడ్ల గిట్టల గుర్తుల్లో నిలిచిన నీళ్లలో కూడా పుడుతుందా?

పుడుతుంది. వారం పది రోజులు ఆరకుండా ఉంటే చాలు.

చీమకుర్తి క్వారీ గుంటలు, సైదాపురం మైకా గనుల గోతులు అంత లోతుగా ఉంటాయి. వాటిలోనూ ఉంటుందా?

లోతైన నడిమధ్య నీళ్లలో గాలికి అల లేస్తుంది, లార్వా నిలవదు. అంచుల్లో నాచు పట్టిన తక్కువ నీళ్లు, మెట్లుమెట్లుగా కోసిన రాతి పలకల మీద నిలిచిన వాన నీళ్లు చూడండి, ఉంటే అక్కడే. చిల్లకూరు, కోట వైపు సిలికా ఇసుక తీసిన పల్లాలూ అంతే. క్వారీల దగ్గర ఇంకొకటి మరుస్తుంటాం: కూలీల షెడ్ల పక్కన సిమెంటు గాబులు, డ్రమ్ములు. గుంట పెద్దదని దానివైపే చూస్తాం, కుట్టే దోమ గాబులోంచి వస్తుంది.

మావి రొయ్యల గుంటలు. ఉప్పునీళ్లలో దోమ పుట్టదు కదా?

అన్ని ఉప్పునీళ్లూ ఒకటి కాదు. ఇస్కపల్లి ఉప్పుమళ్లలోని గాఢమైన నీళ్లలో అనాఫిలిస్ బతకదు. వాన కలిసి పలచబడిన ఉప్పుకయ్యల్లో, బకింగ్‌హామ్ కాలువ పక్క పల్లాల్లో సబ్‌పిక్టస్ హాయిగా పెరుగుతుంది. ఉప్పును తట్టుకునే దోమల్లో అది ఒకటి. సుండైకస్ అనే మరోటి అండమాన్ తీరాల్లో మలేరియాను మోస్తుంది.

కల్చరు నడుస్తున్న చెరువులో ఎయిరేటర్లు నీళ్లను కదుపుతుంటాయి, కాబట్టి భయం తక్కువ. పంట దెబ్బతిని వదిలేసిన చెరువుల్లో వాన నీళ్లు నిలిచి, అంచుల్లో నాచూ తుంగా పెరుగుతాయే, వాటిని చూడాలి. ఒక్క హెచ్చరిక: చెరువు దగ్గర దోమ మందు సొంతంగా కొట్టకండి. పైరెత్రాయిడ్ మందులు చేపలకూ రొయ్యలకూ విషం, లార్వాలను చంపడానికి నీళ్లలో వేసే అబేట్ కూడా రొయ్యజాతికి హానే. పాడుబడ్డ చెరువుకు గండి కొట్టి ఆరబెట్టడమో, చేపలు వదలడమో మేలు.

తీరంలో దొరువుల నీళ్లే మా ఆధారం. పూడ్చమంటారా?

పూడ్చమని ఎవరూ అనకూడదు. ఇసుక నేలలో తీయటి నీళ్లిచ్చేది దొరువే. వాడే దొరువులో రోజూ నీళ్లు తోడతారు కాబట్టి కదలిక ఉంటుంది. అంచు గడ్డి తీసి, చిన్న చేపలు వదిలితే సరిపోతుంది. వాడకం మానేసిన దొరువులను మాత్రం పూడ్చేయండి.

కనిగిరి, పామూరు వైపు తాగడానికే నీళ్లు లేవు. మాకెందుకీ భయం?

నీళ్లు లేనిచోటే నీళ్లు దాచుకుంటారు. ఫ్లోరైడ్ వల్ల బోరు నీళ్లు తాగలేక, ట్యాంకరు వచ్చినప్పుడు సంపులు, గాబులు, డ్రమ్ములు నింపి రోజుల తరబడి వాడుకునే ఇళ్లు అక్కడ ఎన్నో. స్టీఫెన్సీ అచ్చంగా ఈ నీళ్లలో పుట్టే దోమ. వాన పడకపోయినా దానికి లోటు లేదు. జనాన్ని నీళ్లు దాచుకోవద్దనడం అన్యాయం. గుడ్డతోనైనా సరే, డ్రమ్ము మూతి సందు లేకుండా కట్టేయమనాలి. ట్యాంకరు వచ్చేముందు అడుగున మిగిలినవి పారబోసి, లోపల రుద్ది, ఆ తర్వాత నింపుకోమనాలి. కుళాయి నీళ్లు క్రమంగా వచ్చే రోజున ఈ దోమ దానంతటదే సగం తగ్గుతుంది.

మిద్దె మీద ట్యాంకుకు మూత ఉంది. చాలదా?

మూత బిగుతుగా ఉందా, పైనున్న గాలిగొట్టానికీ నీళ్లు పొర్లిపోయే గొట్టానికీ సన్న జాలీ ఉందా చూడండి. దోమకు వేలు దూరేంత సందు చాలు.

## కాలం, ఎండ, వాన

మాకు అసలు వానలు అక్టోబరు, నవంబరుల్లో. మలేరియా కాలం కూడా అప్పుడేనా?

నైరుతి వానల మీద ఆధారపడ్డ జిల్లాల్లో జూలై నుంచే జాగ్రత్తలంటారు. నెల్లూరు వైపు ఎక్కువ వాన ఈశాన్య రుతుపవనాలదే కాబట్టి మన గడువు ఆలస్యంగా మొదలై జనవరి దాకా సాగొచ్చు. మార్కాపురం, దోర్నాల వైపు నైరుతి వానకే వాగులు పారి ముందే మొదలవుతుంది. వాగు ఉధృతి తగ్గి, రాళ్ల మధ్య తేటనీళ్లు మెల్లగా పారేటప్పుడు కొండవాగు దోమ పెరుగుతుంది. అక్కడి చెంచు గూడేలకు తెరలు అంతకంటే ముందే చేరాలి. రాష్ట్రమంతటికీ ఒకే నెలలో జరిపే ప్రచారం మన ఊళ్లకు సరిగ్గా అతకదు. మీ పంచాయతీ తన నెలలు తాను రాసుకోవాలి.

మేలో ఎండ 40 దాటుతుంది. దోమ చచ్చిపోదా?

చాలా చస్తాయి. ఎండకు గుంటలు ఎండుతాయి, పొడిగాలికి దోమ ఆయుష్షు తగ్గుతుంది, క్రిమి పెరిగేలోపే అది పోతుంది. కానీ కొన్ని కొట్టాల్లో, బావి గోడల్లో, మంచాల కింద చల్లగా దాక్కుంటాయి. నిల్వ నీళ్ల గాబులు వేసవిలోనూ నిండుగానే ఉంటాయి. మొదటి వాన పడగానే ఈ మిగిలినవే మళ్లీ పెంపు మొదలుపెడతాయి. అందుకే ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకులు, బావులు చూసుకోవడం ఎక్కువ ఫలితమిచ్చే పని.

## దోమ మారుతోందా

మన దేశపు దోమ ఆఫ్రికాకు వెళ్లిందంటారు. నిజమా?

నిజమే. స్టీఫెన్సీ దక్షిణాసియా, అరేబియా ప్రాంతపు దోమ. ఆఫ్రికా ఖండంలో దీన్ని 2012లో జిబూతిలో గుర్తించారు, 2016లో ఇథియోపియాలో. ఆ తర్వాత సూడాన్, సోమాలియా, నైజీరియా, కెన్యా, ఘనాల్లోనూ కనిపించింది. జిబూతిలో 2012లో నమోదైన మలేరియా కేసులు 27. 2020లో 73,000 దాటాయి. అక్కడి పాత దోమలు పల్లెల్లో, వానాకాలంలో పెరిగేవి. ఇది పట్నంలో, ఎండాకాలంలో కూడా, ఇంటి ట్యాంకులోనే పెరుగుతుంది.

మనకు దీన్నుంచి తెలియాల్సింది ఉంది. ఈ దోమకు అడవీ కొండా అక్కర్లేదు, కట్టే ఇల్లు చాలు. సిమెంటు గోడలకు క్యూరింగు కోసం నిలిపిన నీళ్లు, లిఫ్టు గుంత, నింపి వదిలేసిన సంపు దానికి ఇష్టం. నెల్లూరు, ఒంగోలు శివార్లలో అపార్ట్‌మెంట్లు లేచే వీధులను ఆ కంటితో చూడండి.

ఇళ్లలో మందు కొట్టించినా దోమ చావడం లేదెందుకు?

ఒకే మందు ఏళ్ల తరబడి కొడితే తట్టుకున్నవే మిగిలి పిల్లలు పెడతాయి. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏటా దాదాపు 7.5 కోట్ల మందికి మలేరియా వచ్చేది. డీడీటీ పిచికారీతో 1965 నాటికి కేసులు లక్షకు దిగాయి. గెలిచామనుకుని పట్టు సడలించడం, మందుల కొరత, దోమకు డీడీటీ పనిచేయకపోవడం అన్నీ కలిసి 1976లో 64 లక్షలకు ఎగబాకాయి. క్యులిసిఫేసిస్ తర్వాత మలాథియాన్‌నూ, చాలాచోట్ల పైరెత్రాయిడ్లనూ తట్టుకోవడం నేర్చింది. పొలంలో పురుగుకూ ఇంట్లో దోమకూ ఒకే రకం మందు వాడటం కూడా ఇందుకు తోడవుతోంది.

మన తప్పూ కొంత ఉంది. మందు కొట్టిన మర్నాడే గోడకు సున్నం వేస్తాం, మట్టి అలుకుతాం, దేవుడి గదిలోకీ వంటింట్లోకీ సిబ్బందిని రానివ్వం. దోమ ఆ గదిలోనే వాలుతుంది.

దోమతెర కట్టుకుంటున్నాం. అయినా కుడుతున్నాయి.

మలేరియా దోమ పొద్దుగూకినప్పటి నుంచి తెల్లవారేదాకా కుడుతుంది. మనం తెరలోకి వెళ్లేలోపు వాకిట్లో కూర్చునే రెండు మూడు గంటలు దానివే. ఇంట్లో మందు ఎక్కువైనచోట కొన్ని జాతులు ఆరుబయట, సాయంత్రమే కుట్టడానికి అలవాటుపడ్డాయి కూడా. సోలమన్ దీవుల్లో డీడీటీ కొట్టాక ఫరాటీ అనే దోమ అలాగే మారింది. తెర మానకండి, మందు పట్టించిన తెర ఇప్పటికీ మనకున్న గట్టి రక్షణ. రాత్రి చేలో కాపలా పడుకునేవాళ్లు, చెరువుకట్టల మీద గుడిసెల్లో ఉండే యానాది కుటుంబాలు గోడల్లేని చోట పడుకుంటారు. పంపిణీలో తెర ముందు వాళ్లకే అందాలి.

## అడ్డుకోవడం

గంబూషియా చేపలు ఎక్కడ వదలాలి?

వాడని బావులు, దిగుడుబావులు, ఫౌంటెన్లు, నీళ్లు నిలిచిన క్వారీ గుంటల్లో. మున్సిపాలిటీ మలేరియా విభాగంలోనో మత్స్యశాఖ దగ్గరో అడగండి. 1928లో మన దేశానికి తెచ్చిన ఈ చేప లార్వాలనే కాదు, కప్ప గుడ్లనూ మన చిన్న చేపల పిల్లలనూ తింటుంది. కాబట్టి కంభం చెరువులోనో గుండ్లకమ్మలోనో పులికాట్‌లోనో వదలకండి.

అబేట్ మందు తాగేనీళ్లలో వేయొచ్చా?

కొలత ప్రకారం ఆరోగ్య సిబ్బంది వేస్తే ఫర్వాలేదు, లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. కంటి అంచనాతో సొంతంగా వేయొద్దు.

బ్లీచింగ్ చల్లాం, ఫాగింగ్ చేయించాం. ఇంకేం కావాలి?

బ్లీచింగ్ నీళ్లలో సూక్ష్మజీవులకు, మామూలు మోతాదుకు లార్వా చావదు. ఫాగింగ్ ఆ గంటలో ఎగురుతున్న దోమలను చంపుతుంది, నీళ్లలో ఉన్నవి వారంలో లేచి వస్తాయి. వాడేసిన ఇంజిన్ ఆయిలు పొర లార్వాకు ఊపిరాడకుండా చేస్తుంది కానీ బావుల్లో, పొలాల్లో, చెరువుల్లో పోయకూడదు.

గొడ్లను ఇంటి పక్కన కట్టేస్తే దోమ వాటినే కుట్టి మనల్ని వదిలేస్తుందా?

క్యులిసిఫేసిస్‌కు గొడ్డు రక్తమే ఎక్కువ ఇష్టం, ఆ మాట నిజం. కానీ గోడకు ఆనించి కొట్టం వేస్తే దోమలు అక్కడికి మూకుమ్మడిగా చేరి, పక్కనే పడుకున్న మనల్నీ కుడతాయి. కొట్టం ఇంటికి కాస్త దూరంగా ఉంటే మేలు. మందు కొట్టేటప్పుడు కొట్టం కూడా చూపించండి.

## జ్వరం వచ్చాక

చలితో జ్వరం వచ్చింది. ఎప్పుడు పరీక్ష చేయించాలి?

ఆ రోజే, మరీ ఆలస్యమైతే మర్నాడు. ఆశా కార్యకర్త దగ్గర కిట్టు ఉంటే వేలిచుక్కతో నిమిషాల్లో తెలుస్తుంది, పీహెచ్‌సీలో రక్తపు పలక తీస్తారు. రెండూ ఉచితం. ఫాల్సిపేరం రకం మలేరియా చూస్తుండగానే మెదడుకూ మూత్రపిండాలకూ ఎక్కగలదు. గర్భిణులు, చిన్నపిల్లల విషయంలో ఒక్క రాత్రి కూడా ఆగకండి.

మూడు రోజుల మాత్రలకే తగ్గిపోయింది. 14 రోజులు ఎందుకు వేసుకోవాలి?

వైవాక్స్ రకం క్రిమి కొంత కాలేయంలో నిద్రపోతుంది. నెలల తర్వాత లేచి మళ్లీ జ్వరం తెస్తుంది, మళ్లీ దోమకు అంటుతుంది. దాన్ని చంపడానికే 14 రోజుల ప్రైమాక్విన్. గర్భిణులకు, పసిపిల్లలకు ఇవ్వరు. జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము) లోపం ఉన్నవాళ్లకు డాక్టరు చూసి నిర్ణయించాలి. మూత్రం నల్లబడితే మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఒడిశా నుంచి పనికొచ్చినవాళ్ల వల్లే మలేరియా వస్తోందంటున్నారు. నిజమేనా?

మలేరియా ఎక్కువగా ఉన్నచోటి నుంచి ఎవరొచ్చినా ఒంట్లో క్రిమి ఉండొచ్చు. ఒడిశా కూలీ కావచ్చు, మన్యంలో ఉద్యోగం చేసి సెలవుకొచ్చిన మన ఊరి టీచరు కావచ్చు. ఆ క్రిమిని ఇక్కడ పంచేది మన నీళ్లలో పుట్టిన దోమ. ఇటుకబట్టీల్లో, క్వారీల్లో, కృష్ణపట్నం పోర్టు పనుల్లో చేరేవాళ్లు రేకుల షెడ్లలో, నీళ్లగుంటల పక్కనే పడుకుంటారు. మనకంటే ముందు కుట్టించుకునేది వాళ్లే. పని ఇచ్చే యజమాని వచ్చిన మొదటి వారంలోనే రక్తపరీక్ష చేయించి, మనిషికొక తెర ఇచ్చి, షెడ్డు చుట్టూ గుంటలు పూడ్పించాలి. జ్వరమొస్తే కూలి కోయకూడదు. కూలి పోతుందని భయపడితే ఎవరూ జ్వరం సంగతి బయటికి చెప్పరు.